పది మాటలు

జూన్ 11, బుధవారం

వర్షితకు రెండేళ్ళ ఐదు నెలలు. మాటలు సున్నా.

ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని రాశాను. బాగాలేదు.

ఈ రోజు ప్లేస్కూల్ గేటు దగ్గర మౌనిక మేడమ్ నన్ను పక్కకు పిలిచింది. పాప చాలా సైలెంట్‌గా ఉంటోంది, ఇంట్లో మాట్లాడుతుందా అని అడిగింది. మాట్లాడుతుంది, కొత్తవాళ్ళ దగ్గరే సిగ్గు అన్నాను. ఎనిమిది నెలలుగా రోజూ చూస్తున్న మనిషి ఆమె. కొత్తవాళ్ళ లెక్కలోకి రాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తల ఊపి లోపలికి వెళ్ళింది.

అబద్ధం చెప్పేటప్పుడు నా గొంతు మారదు. పదకొండేళ్ళుగా క్లయింట్ కాల్స్‌లో ఉన్నదాన్ని. నా ఉద్యోగమే టెస్టింగ్. సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్ళేముందు అందులో తప్పులు వెతకాలి. ఏమీ లేవని నేను సైన్‌ఆఫ్ ఇస్తేనే రిలీజ్. గచ్చిబౌలి ఆఫీసులో ఆరుగురు నా కింద అదే పని చేస్తారు. వాళ్ళు నన్ను చూసి కాస్త భయపడతారు కూడా.

జూన్ 12, గురువారం

మాటల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దామా అని అత్తమ్మను అడిగాను. ఆమె ఖాజాగూడ నుంచి రోజూ ఎనిమిదిన్నరకు వస్తుంది. మేము ఆఫీసులకు పోతే సాయంత్రం దాకా పాపను చూసుకునేది ఆమే. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు. ఏంది గిట్ల పరేషాన్ అయితవ్ బిడ్డా, మా సాయి నాలుగేండ్ల దాంక నోరిప్పలే, ఇప్పుడు మూస్తున్నడా అన్నది.

ఈ మాట ఈ ఏడాదిలో చాలాసార్లు విన్నాను. విన్నప్పుడల్లా నాలుగు రోజులు ప్రాణం కుదుటపడుతుంది.

కాకినాడకు ఫోన్ చేశాను. మాటలు రావాలంటే వస కొమ్ము అరగదీసి నాకించమంది అమ్మ. మీ అత్తగారు నాకించారో లేదో కనుక్కోవే, మర్యాదగానే అడుగు సుమా అంది. మర్యాదగానే అడిగాను. ఇరవై ఒకటో దినం నాడే నాకిచ్చిన అన్నది అత్తమ్మ. ఏ విషయంలోనూ కలవని రెండు కుటుంబాలు వస దగ్గర కలిశాయి.

మా ఆయన సాయిచంద్ మంచివాడు. వర్షిత నా నా నా అంటే, చూడు, నాన్న అన్నది అంటాడు. గోడను చూసినా అది అదే అంటుంది.

జూన్ 15, ఆదివారం

చెవులేమైనా వినపడవా అని ఒక అనుమానం. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాస్. అయినా నా తృప్తికి నేనే టెస్ట్ పెట్టాను. టీవీ ఆపేసి, దాని ముందు కూర్చోబెట్టి, వెనకనుంచి చప్పట్లు కొట్టాను. మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ తిరిగింది. కుక్కర్ విజిల్‌కూ తిరుగుతుంది. కాలింగ్ బెల్‌కూ తిరుగుతుంది.

పాస్.

సాయి కూడా చూశాడు. సంతోషంతో బిర్యానీ ఆర్డర్ పెట్టాడు.

జూన్ 18, బుధవారం, మధ్యాహ్నం 1:15

ఆఫీస్ కెఫెటేరియా. పక్కన ఎవరూ లేరు కాబట్టి రాస్తున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

పోయిన జూలైలో ఏడాదిన్నర టీకాకు నేనొక్కదాన్నే పాపను తీసుకెళ్ళాను. రిసెప్షన్‌లో ఒక ఫారం ఇచ్చారు. బిడ్డ కనీసం పది మాటలు అంటుందా, అవును, కాదు. అవును అయితే ఆ మాటలు రాయండి అని కింద గీతలు. ఆ రోజు మూడింటికి రిలీజ్ కాల్. వర్షిత ఒళ్ళో గింజుకుంటోంది. అవును మీద టిక్ పెట్టాను. పది మాటలు రాశాను. అమ్మ, నాన్న, పాలు, బంతి, కాకి, బై, బువ్వ, ఆకు, టాటా, కుక్క. బై, టాటా రెండూ ఒకటేనని కూడా చూసుకోలేదు. డాక్టర్ కాగితం మీద ఓ చూపు పడేసి వెరీ గుడ్ అన్నాడు.

మా పనిలో ఇది మామూలే. చిన్న తప్పు ఉందని తెలిసినా, వచ్చే రిలీజ్‌లో సరిచేస్తారులే అని పాస్ వేసేస్తాం. వచ్చే నెలకు మాట్లాడేస్తుంది, అప్పటికి ఆ పదీ నిజమైపోతాయి అనుకున్నాను. అబద్ధం రాశానని అనిపించలేదు. కాస్త ముందుగా రాశాననిపించింది.

రెండేళ్ళప్పుడు మళ్ళీ వెళ్ళాం. మాటలు కాస్త స్లో డాక్టర్, వాళ్ళ నాన్న కూడా నాలుగేళ్ళకే మాట్లాడాడట అన్నాను. అలాగైతే ఇంకొన్నాళ్ళు చూద్దాం అన్నాడు. చూశాం.

జూన్ 19, గురువారం

ఆ పది మాటలూ ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

జూన్ 28, శనివారం

వెళ్ళాం. మౌనిక మేడమే నంబర్ ఇచ్చింది. బేకరీ పైన రెండు గదుల క్లినిక్. మెట్ల మీదంతా పఫ్‌ల వాసన. స్పీచ్ థెరపిస్ట్ పేరు సంధ్య. నా వయసే ఉంటుంది. నేల మీద చాప వేసుకుని కూర్చుని, మమ్మల్నీ కూర్చోమంది. సాయి మోకాళ్ళు వంగక చాలా అవస్థ పడ్డాడు.

వినికిడి పరీక్ష ఎప్పుడు చేయించారని అడిగింది. పుట్టినప్పుడు అన్నాను. మా ఆవిడ మొన్న ఇంట్లో కూడా చేసింది, టెస్టింగ్ లీడ్ అన్నాడు సాయి, గర్వంగా. ఎలా చేశారండీ అని సంధ్య అడిగితే చెప్పాను. టీవీ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది. ఆఫ్ అన్నాను. అయితే నల్లటి తెరలో మీరు చేతులెత్తడం పాపకు కనపడుతుంది కదండీ అన్నది.

మా టీమ్‌లో ఎవరైనా ఇలాంటి టెస్ట్ రాస్తే రివ్యూలో నేనే కొట్టేసేదాన్ని.

ఆవిడ వర్షిత వెనక్కి వెళ్ళి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచింది. తిరగలేదు. మళ్ళీ పిలిచింది. వర్షిత చెక్క గుర్రం తోక పీకుతోంది. స్టీలు గిన్నె మీద గరిటెతో కొడితే తిరిగింది. సంధ్య రాసుకుంది. ఆసుపత్రిలో చెవులకు చేసే పెద్ద పరీక్ష జూలై 19కి దొరికింది.

అంతా అక్కడితో అయిపోతే బాగుండేది. ఆవిడ పిల్లల డాక్టర్ ఫైల్ తిరగేసింది. పోయిన జూలై కాగితం బయటికి వచ్చింది. ఏడాదిన్నరకు పది మాటలు ఉన్నాయి, ఇప్పుడు ఒక్కటీ లేదు. ఆవిడ ముఖం మారింది. మాటలు రాకపోవడం ఒకటి, వచ్చిన మాటలు పోవడం ఒకటి అన్నది. అది వేరే దారట. మెదడు డాక్టర్‌ను కలవాలి, పాపకు మత్తు ఇచ్చి స్కాన్ తీయాల్సి రావచ్చు అన్నది.

సాయి నా వైపు తిరిగి, పది మాటలు అనేదా, నాకెందుకు గుర్తు లేదు అన్నాడు. నువ్వు ఆఫీసులో ఉండేవాడివి అన్నాను.

గొంతు మారలేదు.

ఇంకో మాట కూడా అన్నది సంధ్య. నాన్న లేటుగా మాట్లాడిన సంగతి, చూసిన మనిషి నోటితో వినాలట. వచ్చే వారం బామ్మగారిని తీసుకురండి అన్నది.

జూలై 1, మంగళవారం

మెదడు డాక్టర్ అపాయింట్‌మెంట్ తొమ్మిదో తేదీకి దొరికింది. సాయి సెలవు పెట్టాడు. మత్తు ఇస్తే పిల్లలకు ఏమవుతుందో ఫోన్‌లో చదువుతున్నాడు. చదివి నాకు పంపుతున్నాడు. నేను థంబ్స్ అప్ పెడుతున్నాను.

చెప్పేయాలి.

జూలై 2, బుధవారం

చెప్పలేదు.

జూలై 3, గురువారం

చెప్పలేదు. పొద్దున ఉప్మా చేశాను. గురువారాలు ఆఫీసులో స్టాండప్ మీటింగ్ త్వరగా ఉంటుంది, ఉప్మా అయితేనే కుదురుతుంది. వర్షితకు ఉప్మా అంటే గిట్టదు. మూతి బిగించుకుని ముఖం తిప్పేస్తుంది. చప్పుడు చేయదు, ఏడవదు. నేను చెంచా పట్టుకుని ఎదురుచూస్తాను. ఇద్దరిలో నేనే ముందు ఓడిపోతాను.

జూలై 5, శనివారం

దీన్ని సరిగ్గా రాయాలి.

అత్తమ్మ రానన్నది. గా దవాఖానల నాకేం పని అన్నది. సాయి బతిమాలితే పట్టుచీర కట్టుకుని వచ్చింది. దవాఖానకు పోవడానికి పట్టుచీర ఎందుకని నేను అడగలేదు. చాప మీద మాకన్నా సులువుగా కూర్చుంది. వర్షిత వెళ్ళి ఆమె ఒళ్ళో పడుకుంది.

సంధ్య మెల్లగా అడిగింది. బామ్మగారూ, మీ అబ్బాయి మొదటి మాట ఎప్పుడన్నాడు, మీకు గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి, దాన్ని బట్టే పాపకు ఏం చేయాలో చూస్తాం అన్నది.

అత్తమ్మ వర్షిత జుట్టు వేళ్ళతో దువ్వింది. ఆ తర్వాత చెప్పింది. మా సాయి ఏడాది నిండకముందే అమ్మా అన్నడు, రెండేండ్లకు కథలు చెప్పెటోడు, నాలుగేండ్ల మాట నేను కల్పించిన అన్నది.

సాయి నవ్వబోయి ఆగాడు.

అత్తమ్మకు ఒక చెల్లెలు ఉండేదట. లచ్చమ్మ. ఆమెకు మాటలు రాలేదు. ఊళ్ళో ఎవరూ ఆమెను లచ్చమ్మ అని పిలవలేదు, మూగది అన్నారు. మూగదాన్ని పిలువుండ్రి, మూగది నీళ్ళు తెస్తది. బడికి పంపలేదు. పెద్దయ్యాక ఎవరో డాక్టర్ చూసి, నోటికి ఏం కాలేదు, చెవులే వినపడవు అన్నాడట. అప్పటికి ముప్పై ఏళ్ళు. చచ్చిపొయ్యేదాంక ఆమె పేరు మూగదే, దవాఖానకు పోతే గీ పిల్లకు గూడ కాయితం మీద గదే రాస్తరు, రాసినంక అదే పేరైతది, అందుకే మా సాయి గూడ గంతే అని చెప్పుకుంట వచ్చిన అన్నది. ఏడవలేదు. నా మీద కోపం చేయకు బిడ్డా అని నాతో అన్నది.

నాతో అన్నది. అదే తట్టుకోలేకపోయాను.

ఆ పది మాటలు కూడా అబద్ధమండీ, వర్షిత ఎప్పుడూ ఒక్కటీ అనలేదు, నేనే రాశాను అన్నాను. ఈసారి గొంతు మారింది. సాయి నా వైపు చూడలేదు. చాపలో ఒక పోగు పీకుతూ కూర్చున్నాడు.

సంధ్య తిట్టలేదు. కాగితం తీసి పది మాటల మీద అడ్డంగా గీత కొట్టింది. ఇలా చాలామంది రాస్తారండీ అన్నది. నాకది ఓదార్పు అనిపించలేదు. ఏడాది ముందే వచ్చుంటే అని అడిగాను. బాగుండేది అన్నది. ఆవిడైనా నిజం చెప్పింది. స్కాన్ ఇప్పుడు వద్దు, ముందు చెవులు చూద్దాం అని తొమ్మిదో తేదీ రద్దు చేయించింది.

జూలై 6, ఆదివారం

సాయి నాతో మాట్లాడటం లేదు. వాళ్ళమ్మతో కూడా. ఉప్పు కావాలంటే లేచి తనే తెచ్చుకుంటున్నాడు.

జూలై 8, మంగళవారం

ఈ రోజు మాట్లాడాడు. ఇంట్ల మాట్లాడెటోళ్ళు ఇద్దరూ అబద్ధమే చెప్పిన్రు, నోరు లేని పిల్లనే రోజూ నిజం చెప్పుకుంట తిరిగింది, మనం యినలే అన్నాడు. ఆఫీసులో మాట్లాడే భాష వదిలేసి ఖాజాగూడ భాషలో తిట్టాడంటే కోపం నిజమైనదే. తిట్టనిచ్చాను.

తర్వాత వర్షితకు స్నానం చేయించి, మంచానికి అటు పక్కన పడుకున్నాడు.

జూలై 19, శనివారం

పరీక్ష నిద్రలో చేయాలట. పాపను తెల్లవారుజామునే లేపి, నిద్రపోనివ్వకుండా తీసుకురమ్మన్నారు. నాలుగున్నరకు లేపాం. తొమ్మిదింటి దాకా ముగ్గురం సర్కస్ చేశాం. కారులో అత్తమ్మ చప్పట్లు కొట్టింది, పాప అరికాళ్ళు గీరింది, బతుకమ్మ పాటలన్నీ పాడింది. సరిగ్గా ఖాజాగూడ సిగ్నల్ దగ్గర పాప నిద్రపోయింది. లేపాం. ఆసుపత్రికి చేరాక మాత్రం కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చుంది. పదకొండున్నరకు అత్తమ్మ భుజం మీద వాలింది. నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించారు. అరగంట అందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం.

జూలై 22, మంగళవారం, సాయంత్రం 4:40

రిపోర్ట్ ఆఫీసులో ఉండగా ఫోన్‌కు వచ్చింది. రెండు చెవులకూ మధ్యస్థంగా వినికిడి లోపం. కుక్కర్, బెల్, గిన్నెల మోత వినపడతాయి. మామూలు గొంతుతో మాట్లాడితే సగం అందదు. పుట్టాక మెల్లమెల్లగా తగ్గి ఉండొచ్చట, కుటుంబంలో ఉంటే ఇలా జరుగుతుందట. చెవులకు మిషన్లు పెడితే వింటుంది. వింటే మాటలు రావడానికి మంచి అవకాశం ఉంది అని సంధ్య ఫోన్‌లో చెప్పింది.

నాకు మొట్టమొదట అనిపించింది ఏమిటంటే, దొరికింది. తప్పు ఎక్కడుందో దొరికినప్పుడు ఆఫీసులో కలిగే తృప్తి. సిగ్గేసినా రాస్తున్నాను, అదే అనిపించింది.

ఆ తర్వాత రెస్ట్‌రూమ్‌కు వెళ్ళి ఏడ్చాను. ఏడాదిగా నేను చెప్పిన కథలు, పెట్టిన ముద్దుపేర్లు, పడుకోబెడుతూ పాడిన పాటలు దానికి సగమే అందాయి. మిగతా సగం ఉందని తెలియకుండానే అది నవ్వింది.

5 గంటల కాల్‌లో కెమెరా ఆఫ్ పెట్టుకున్నాను.

ఆగస్టు 23, శనివారం

మిషన్లు వచ్చాయి. చిక్కుడు గింజంత ఉన్నాయి. గులాబీ రంగు సాయి ఎంచుకున్నాడు. పెట్టి ఆన్ చేయగానే పాప కళ్ళు పెద్దవై నవ్వుతుందని ఫోన్‌లో వీడియోలు చూసి ఉన్నాం. మా పాప బిత్తరపోయి ఏసీ వైపు చూసింది. చూసి ఏడ్చింది. సాయి వీడియో ఆపేశాడు.

ఇంటికి వచ్చాక నేను జుట్టు ముందుకు దువ్వి చెవులు కప్పాను. లిఫ్ట్‌లో ఎవరైనా అడిగితే చెప్పే ఓపిక లేదు. అత్తమ్మ చూసింది. దువ్వెన నా చేతిలోంచి తీసుకుంది. రెండు పిలకలు వేసి, రబ్బర్‌బాండ్లు గట్టిగా పెట్టి, చెవులు బయటికి కనపడేటట్టు చేసింది. ఎవలన్న అడిగితే నేను చెప్త, దీని పేరు వర్షిత, యినెటందుకు పెట్టినం అని చెప్త, ఇగ దాచేది లేదు అన్నది.

కిందికి పార్కుకు కూడా ఆమే తీసుకెళ్ళింది.

ఆగస్టు 30, శనివారం

సంధ్య ఒక షీట్ ఇచ్చింది. మాటల లెక్క. ఏది పడితే అది రాయకూడదు. మనం చెప్పించకుండా తనంతట తాను అనాలి. ఒకే అర్థంతో అనాలి. మూడుసార్లు అనాలి. అప్పుడే మాట కింద లెక్క. ఈసారి మీరే నింపండి అన్నది, నా కళ్ళలోకి చూసి. అలాగే అన్నాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

నాన్న అన్నది, షీట్‌లో రాయి అన్నాడు సాయి. ఎవరిని చూసి అన్నది అని అడిగాను. వాషింగ్ మెషీన్‌ను అన్నాడు. రాయలేదు. అలిగాడు.

మిక్సీకి ఏడుస్తోంది. బాల్కనీలో పావురాలు రెక్కలు కొట్టుకుంటే ఆగి వింటోంది. రోజుకు నాలుగైదుసార్లు మిషన్లు పీకి సోఫా కింద పారేస్తోంది. నేను వెతికి తుడిచి మళ్ళీ పెడుతున్నాను.

అక్టోబర్ 9, గురువారం

ఉప్మా. మూతి బిగింపు. నేనే ఓడిపోయాను.

అక్టోబర్ 16, గురువారం

వంటింట్లోంచి మామూలు గొంతుతో వర్షితా అన్నాను. హాల్లోంచి తల తిప్పి చూసింది. టీవీ ఆన్‌లోనే ఉంది. తెరలో కనపడే వీలు లేదు, అద్దం లేదు, నీడ పడదు. ఈసారి అన్నీ చూసుకున్నాను. పది నిమిషాలు ఆగి మళ్ళీ పిలిచాను. మళ్ళీ చూసింది.

వినడానికి షీట్‌లో గడి లేదు.

నవంబర్ 8, శనివారం

షీట్ ఖాళీగానే తీసుకెళ్ళాను. చాలామంది మొదటి నెలకే ఇరవై రాసుకొస్తారు, మీరు ఖాళీగా తెచ్చారు, మంచిదండీ అన్నది సంధ్య. శబ్దాలు పెరిగాయి, వింటోంది, ఆగండి అన్నది.

ఆఫీసులో వంశీ ఒక సాఫ్ట్‌వేర్ బిల్డ్‌కు పాస్ వేయమని వెంటపడ్డాడు. మా డెలివరీ మేనేజర్. చిన్న ఇష్యూనే కదా, వచ్చే రిలీజ్‌లో చూద్దాం అన్నాడు. వేయనన్నాను. ఏమైంది మీకు ఈ మధ్య అన్నాడు.

నవంబర్ 25, మంగళవారం

అమ్మ కాకినాడ నుంచి కొత్త వస కొమ్ము పంపింది. అత్తమ్మ చూసి, ఇది మంచి సరుకు అన్నది. దేవుడి దగ్గర పెట్టింది, నాకించలేదు.

డిసెంబర్ 4, గురువారం, ఉదయం 7:40

ఉప్మా చెంచా నోటి దగ్గర పెట్టాను. మూతి బిగించలేదు. నా చేయి తోసేసి, వద్దు అన్నది.

సాయి స్నానంలో ఉన్నాడు. అత్తమ్మ ఇంకా రాలేదు. ఎవరూ వినలేదు. నా పది మాటల్లో అది లేదు.

ఒక్కసారే అన్నది, మూడుసార్లు కావాలి. షీట్‌లో రాయలేదు.

రేపు కూడా ఉప్మానే.